మోసేవాళ్లున్నారు, అడిగేవాళ్లే లేరు

నా ఉద్యోగంలో నాకు నాలుగైదు మెమోలు వచ్చాయి. డ్యూటీకి ఆలస్యంగా వచ్చానని, కంట్రోలర్‌తో వాదులాడానని, అట్లాంటివి. వాటిని నేనూ మరిచిపోయాను, ఇచ్చినవాళ్లూ మరిచిపోయారు. ఒక్కదాన్ని మాత్రం మరిచిపోలేదు. ముంపు ప్రాంతం నుంచి తరలించిన ప్రజలను చెప్పిన చోట దింపకుండా బస్సును వేరే చోటికి మళ్లించాననీ, ఆడవాళ్లను రెచ్చగొట్టాననీ అందులో రాశారు. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. ఆ ఆడవాళ్లను రెచ్చగొట్టడానికి నా అవసరం లేదు. ఆ పని మీటింగులు పెట్టినవాళ్లు ముందే చేసిపెట్టారు.

నేను బస్సు కండక్టర్‌ని. పుట్టింది కుప్పం దగ్గర పల్లెలో. ఎక్కువ కాలం పనిచేసింది మదనపల్లె, పుంగనూరు రూట్లలో. రిటైరై ఉంటున్నది మదనపల్లెలో. ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపిస్తే, "మా ఊరి విపత్తు ప్రణాళిక మేమే తయారుచేస్తున్నాం ఆంటీ" అని చెబుతుంటారు. సంతోషమే. ఎవరిని కూర్చోబెట్టుకుని తయారుచేస్తున్నారు నాయనా అని అడుగుతాను. అడిగేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుంది. వాళ్లు బిత్తరపోతారు. ఎందుకు పెరుగుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పుంగనూరు నుంచి సదుం వైపు పోయే దోవలో మా బస్సు రోజూ ఆగే ఊరొకటి ఉంది. ఊరికి పైన చెరువు, చెరువు కట్ట కింద కాలనీ. ఒకప్పుడు ఆ కాలనీలో అందరూ కూలికి పోయినవాళ్లే. ఇప్పుడు వాళ్ల పిల్లలు టీచర్లుగా, నర్సులుగా పొద్దున్నే ఇస్త్రీ బట్టలతో మా బస్సెక్కుతారు. కాలనీ మొదట్లో ఒక జిరాక్స్ అంగడి ఉండేది. దాన్ని నడిపే ఆమెకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పనిచేయకుండా పోయాయి. పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద మండలమంతా తిరిగేది. రెండు చేతులూ ఆనించి కుర్చీలోంచి స్కూటర్ మీదికి, స్కూటర్ మీంచి అరుగు మీదికి ఒక్క ఊపులో జరిగేది. ఎవరైనా సాయం చేయబోతే, "నీ పని నువ్వు సూసుకోప్పా" అని నవ్వేది. మండలంలో వికలాంగుల సంఘానికి ఆమే పెద్ద. నన్ను అక్కా అని పిలిచేది.

ఆ ఏడు వానలకు ముందు మండలాఫీసులో మీటింగు పెట్టారు. తుపాను వస్తే ఎవరిని ఎట్లా తరలించాలి, ఎక్కడ పెట్టాలి అన్నది విషయం. రూటు బస్సువాళ్లు కూడా ఉండాలని డిపో నుంచి నన్నూ, మా డ్రైవరన్ననూ పంపారు. ముందు వరసలో అందరూ మగవాళ్లే. పొదుపు సంఘం ఆడవాళ్లను కూడా పిలిచారు, లేదనకూడదు. ఉప్మా ఎవరు చేస్తారు మరి? "ఎంతమందికి వండగలరమ్మా?" అని అడిగారు. ఆ మీటింగు మొత్తంలో ఆడవాళ్లను అడిగిన ప్రశ్న అదొక్కటే.

జిరాక్స్ ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వచ్చింది. చాలాసేపు చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చుంది. చివరికి మీటింగు నడిపే మండలం ఆఫీసరు ఆమెను చూసి చాలా ప్రేమగా నవ్వాడు.

"మీరేం భయపడొద్దమ్మా. అందరికన్నా ముందు మిమ్మల్నే మోసుకుపోతారు. మీ కోసమే ఇద్దరు కుర్రాళ్లను పెట్టినాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఏదో బహుమతి గెలుచుకున్నట్టు.

"అది కాదు సార్," అని ఆమె గొంతు పెంచింది. "మమ్మల్ని పెట్టేది పెళ్లిమంటపంలో అంటిరి. ఆడ బాత్రూములు ఎట్లుండాయో ఎవురన్నా పోయి సూసినారా? ఎనకపక్క మెట్లు దిగి పోవల్ల. నేనెట్ల దిగేది? కడుపుతో ఉండేవాళ్లు ఎట్ల దిగేది? ఇట్లపక్క బాలికల హైస్కూలుండాది. అంతా ఒకటే మట్టం. ర్యాంపుండాది. బాత్రూములు గదుల పక్కనే. ఆడోళ్లను, మాలాంటోళ్లను ఆడికి పంపండి."

"ప్రాణాలు పోతాంటే బాత్రూము గురించి ఎవురమ్మా ఆలోచించేది?" అన్నాడు ముందు వరసలోంచి ఒకాయన. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఆయన్ను నేనెరుగుదును. మా బస్సెక్కినప్పుడల్లా సగం దోవలో "రోంతసేపు ఆపమ్మా" అని బస్సు ఆపించి, రోడ్డు పక్కన నిలబడి వచ్చే మనిషి. ఆయన ఒక్కడి కోసం బస్సెడు జనం కూర్చుని ఉండేవాళ్లం. మేము ఆడ కండక్టర్లం మాత్రం డ్యూటీ ఎక్కితే నీళ్లు తాగం. తంబళ్లపల్లె వైపు ఎండలో పోయి వచ్చినా సరే, నోరు తడుపుకుంటాం అంతే. తాగితే ఎక్కడికి పోవాలి? ఒకసారి కడుపులో నొప్పి తట్టుకోలేక ఆసుపత్రికి పోతే, నీళ్లు తాగవా అని డాక్టరమ్మ తిట్టింది. తాగినాక పోయేదానికి తావు చూపించండి మేడం అన్నాను.

అందుకే లేచి నిలబడ్డాను. "సార్, ఆమె అడిగింది నవ్వే మాట కాదు. పోయి ఒకసారి చూసి రండి" అన్నాను. "నోట్ చేసుకున్నామమ్మా" అన్నాడు ఆఫీసరు. ఒక్కరి చేతిలోనూ పెన్ను కదల్లేదు.

బయటికొచ్చి స్కూటర్ మీదికి జరుగుతూ ఆమె నాతో అన్నది: "సూసినావా అక్కా? నన్ను మోసేదానికి మనుషులుండారంట. నన్ను అడిగేదానికే ఎవురూ ల్యా."

కార్తీకమాసంలో తుపాను పట్టింది. ముసురు విడవకుండా కురిసి చెరువు నిండింది, మరవ మీంచి నీళ్లు పొర్లి పారాయి, ఒకరోజు పొద్దున కట్టకు బుంగ పడింది. మదనపల్లె నుంచి వస్తున్న మా బస్సును పుంగనూరులో ఆపి, ప్రయాణికులను దింపించి, కాలనీకి పొమ్మన్నారు. పోయాం. జనం మూటలతో రోడ్డు మీదే ఉన్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. కట్ట వైపు చూడడానికి అందరికీ భయం, చూడకుండా ఉండడానికీ భయం.

జిరాక్స్ ఆమె తన ఇంటి ముందు స్కూటర్ మీద కూర్చుని ఉంది. ప్లాస్టిక్ కోటు తొడుక్కుంది. బట్టల సంచి, మందుల సంచి ముందర కట్టుకుంది. బండి స్టార్టు చేసి పెట్టుకుంది కూడా.

"అక్కా, మీరు పోనీండి. దోవ బాగుండాది. నేను బస్సెనకనే వస్తా" అని అరిచింది.

దోవ నిజంగానే బాగుంది. మోటారు సైకిళ్ల మీద మగవాళ్లు ఒకరెనక ఒకరు పోతూనే ఉన్నారు. వాళ్లను ఎవరూ ఆపలేదు. ఈమె దగ్గరికి మాత్రం ఆఫీసరు గొడుగు కింద పరుగున వచ్చాడు. పక్కన ఫోను పట్టుకుని ఫోటోలు తీసే మనిషి. ఎనక ఇద్దరు కుర్రాళ్లు.

"మీరు బండి నడపకూడదమ్మా, రిస్కు. మిమ్మల్ని మోసుకుపోయేది ప్లానులో ఉంది."

"నేను పోగలను సార్, సూడండి, బండి..."

"ఎత్తండప్పా, ఎత్తండి!"

ఎట్లా ఎత్తాలో చెబుతూనే ఉంది ఆమె. నడుము దగ్గర పట్టుకోండి, చంకల కింద లాగొద్దండి అని. ఆ వానలో, ఆ అరుపుల్లో ఆ కుర్రాళ్లకు వినిపించలేదో, వినాలని తోచలేదో. ఒకడు కాళ్లు పట్టాడు, ఒకడు కుడిచెయ్యి పట్టి పైకి గుంజాడు. బస్సు మెట్టు దగ్గర ఆమె పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తెచ్చి ముందు సీట్లో వేశారు. కూర్చోబెట్టారని నేను రాయలేను. వేశారు. ఫోటో మనిషి కిటికీలోంచి ఇంకొక ఫోటో తీసుకున్నాడు.

స్కూటర్ అక్కడే నిలబడిపోయింది, ఇంజను ఆడుతూ. పక్కనే ట్రాక్టర్లో ఎవరిదో సోఫా ఎక్కిస్తున్నారు. మా డ్రైవరన్న దిగి పోయాడు. ఆయనదీ కుప్పం పక్కే, నిమ్మళమైన మనిషి. ఆ రోజు మాత్రం గట్టిగా అరిచాడు.

"ఏమప్పా, ఆ బండి ఆమె కాళ్లు. కాళ్లు ఈడ ఇడిసిపెట్టి మనిషిని ఆడికి తోలుకోని పోతారా? సోపా దించి దీన్ని ఎక్కించండి."

"తర్వాత తెస్తాంలే అన్నా, నువ్వు పద" అన్నారు. సోఫా పోయింది. స్కూటర్ పోలేదు.

బస్సు నిండింది. అంతా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కాలనీ చివరింటి ఆమె తన కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆ పిల్లకు ఇరవై దాటాయి, మనసు మాత్రం చిన్నబిడ్డది. గుంపును చూస్తే బెదిరి అరుస్తుంది. తల్లి నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నది: "కండక్టరమ్మా, పాప ఈ పొద్దే బయట చేరింది. నేను ఒకతే ఉండి కడిగి మార్చల్ల. ఆడ తలుపేసుకునే తావుంటాదా?"

మీటింగులో విన్నదంతా గుర్తొచ్చింది.

పెళ్లిమంటపం దగ్గర బస్సు ఆగగానే, మాకన్నా ముందు వచ్చిన ఆడవాళ్లు వానలో బయటే నిలబడి ఉండడం చూశాను. ఒకామె కిటికీ దగ్గరికొచ్చింది.

"దిగొద్దండమ్మా. హాలంతా మొగోళ్లే పండుకోనుండారు. ఎనకాల బాత్రూముల్లో వంట అండాలు పెట్టి బీగం ఏసినారు. తెరిసింది ఒకటే, దానికి తలుపు ల్యా. మెట్లు పాచి పట్టి జారతాండాయి. ఇందాక ఒకామె పడింది."

నేను దిగి పోయి చూశాను. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా పెంచి చెప్పింది కాదు.

తిరిగొచ్చేసరికి జిరాక్స్ ఆమె అందరికీ చెబుతోంది. ముఖం నొప్పితో తెల్లబారి ఉంది, కుడిచెయ్యి ఒళ్లో వేలాడుతోంది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నేను దిగను. నన్ను మళ్లా ఎవురన్నా ఎత్తేదానికొస్తే కొరుకుతా." కూతురితో ఉన్న తల్లి, "మేమూ దిగం" అంది. తర్వాత బస్సంతా అదే మాట.

ఆఫీసరుకు ఫోను చేశాను.

"దింపెయ్యమ్మా! ఏం నాటకాలాడతాండారా? బస్సు మళ్లా కాలనీకి పోవల్ల. ఆడ ఇంకా మనుషులుండారు."

ఆ మాట నిజం. ఇక్కడ వీళ్ల మానం, అక్కడ కట్ట కింద ఇంకొందరి ప్రాణం. రెండింటినీ తక్కెడలో పెట్టి తూచమని ఒక కండక్టర్‌కు అప్పజెప్పారు. ముందే కూర్చుని ఆలోచించి ఉంటే ఆ తక్కెడే అవసరం లేకపోయేది. నాకు అసలు కోపం అందుకు.

డ్రైవరన్న వెనక్కి తిరిగాడు. "అమ్మా, హైస్కూలు మనం కాలనీకి పోయే దోవలోనే ఉండాది. ఈడ వాదించేలోగా ఆడ దింపి పోవచ్చు."

జిరాక్స్ ఆమె ఎడమచేత్తో ఫోను తీసి హెడ్మాస్టరమ్మకు కలిపింది. స్పీకర్లో పెట్టింది. "ఆర్డరు ఉందా అమ్మా?" అని అడిగింది ఆమె. "ఆర్డరు వచ్చేలోగా నీళ్లొస్తాయి మేడం" అని ఈమె. "వాచ్‌మన్‌కు చెబుతాను, పోండి" అంది హెడ్మాస్టరమ్మ.

ఆఫీసరు ఇంకా నా ఫోన్లోనే ఉన్నాడు. "దింపకపోతే నీ ఉద్యోగం ఏమవుతుందో చూసుకో" అంటున్నాడు.

విజిల్ వేశాను. "రైట్ రైట్."

స్కూల్లో అందరూ దిగారు. ఈసారి జిరాక్స్ ఆమె చెప్పినట్టే నలుగురు ఆడవాళ్లం కుర్చీ తెచ్చి, నడుం పట్టి, నిదానంగా దింపాం. తల్లీకూతుళ్లు ఒక గది తీసుకుని తలుపేసుకున్నారు. ఆ గడియ పడిన చప్పుడు వింటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కాలనీకి పోయి మిగిలినవాళ్లను ఎక్కించుకొచ్చాం. ఆడవాళ్లను స్కూలు దగ్గర, మగవాళ్లను మంటపం దగ్గర దింపాం. మధ్యాహ్నం కట్ట తెగింది. అప్పటికి కాలనీలో మనిషి లేడు.

అన్నం మాత్రం రాలేదు. మండలాఫీసుకు ఫోను చేస్తే, ఆ స్కూలు మా కేంద్రాల్లో లేదు, లేనిచోటికి భోజనం పంపలేం అన్నారు. పసిబిడ్డల తల్లులున్నారండీ అంటే, మంటపానికి రమ్మనండి అన్నారు. అంటే మాట వినని ఆడవాళ్లకు ఆకలి శిక్ష. సాయంత్రానికి పొదుపు సంఘం ఆడవాళ్లే మంటపంలో వండిన అండాను ఆటోలో వేసుకుని వచ్చారు. ఎవరినీ అడగలేదు. "ఉప్మా చేసేదానికి పనికొచ్చినాం గదా, ఎవురికి పెట్టల్లో కూడా మేమే సూసుకుంటాం" అంది వాళ్లలో పెద్దామె.

నీళ్లు తీశాక స్కూటర్ ఒక మామిడితోపులో దొరికింది, ఇనుప తుక్కు లాగా. జిరాక్స్ అంగడి గోడలు మాత్రం మిగిలాయి. ఆమె భుజం కీలు జారిందని డాక్టరు సరిచేశాడు గాని, పాత బలం రాలేదు. కాళ్లు లేకపోయినా ఎవరినీ పిలవని మనిషి, ఆ తర్వాత మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి వాళ్లమ్మను పిలవాల్సి వచ్చింది. వరద ఆమెను తాకనే లేదు. ఆమెను విరిచింది కాపాడినవాళ్లు.

పేపర్లో ఫోటో పడింది. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను ఎత్తుకుని ఉన్న ఫోటో. కింద 'మానవత్వం' అని రాశారు. ఆఫీసరుకు, కుర్రాళ్లకు ప్రశంసాపత్రాలు. నాకు మెమో. కుర్రాళ్లను నేనేమీ అనను. వాళ్లలో ఒకడు తర్వాత ఆమె ఇంటికి పోయి, "ఎట్ల ఎత్తల్లో మాకెవురూ చెప్పలేదక్కా" అని తల వంచుకున్నాడట. "నేను చెప్తానే ఉంటి గదప్పా" అందట ఆమె. వాడు ఏడ్చాడట.

మదనపల్లెలో ఎంక్వయిరీ పెట్టారు. మీకు ఇచ్చిన ఆదేశం అర్థం కాలేదా అని అడిగారు. "నాకు అర్థమైంది సార్. బస్సులో ఉన్నవాళ్లకే అర్థం కాలేదు. వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు కాబట్టి" అన్నాను. ఎదురు సమాధానం అని రాసుకున్నారు. అప్పుడు మాత్రం పెన్నులు బాగానే కదిలాయి. నన్ను కుప్పానికి బదిలీ చేశారు. శిక్ష అనుకున్నారు పాపం. అది నా పుట్టిల్లు. అక్కడ ఏనుగులు దిగే పల్లెల రూటు ఇచ్చారు. ఏనుగులొస్తే దండోరా వేస్తామని అక్కడా ఒక ప్లాను ఉండేది. చెవులు వినపడని గొర్రెలకాపరికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుందని అడిగాను. అక్కడా నవ్వారు. నవ్వు అన్ని మండలాల్లోనూ ఒకటే.

మరుసటి ఏడు వానలకు ముందు జిరాక్స్ ఆమె ఫోను చేసింది. కొత్త ఆఫీసరు వచ్చాడనీ, సంఘమంతా పోయి అడిగితే మీటింగు బాలికల హైస్కూల్లోనే పెడుతున్నాడనీ, నేను రావాలనీ. సెలవు పెట్టి పోయాను.

వరండా నిండా జనం. పొదుపు సంఘం వాళ్లు, కర్రలు పట్టుకున్నవాళ్లు, చూపులేని ఒక పెద్దాయన, ఆ తల్లీకూతుళ్లు. మా డ్రైవరన్న కూడా వచ్చాడు. కొత్త ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. మీటింగుకు ముందు డ్రిల్లు పెట్టాడు. చక్కగా నడవగలిగే ఒక కుర్రాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెళ్లో 'వికలాంగుడు' అని రాసిన అట్ట కట్టించాడు. ఇద్దరు వాలంటీర్లు వాణ్ని ఎత్తుకుని పరుగు తీశారు. వాడు పళ్లికిలిస్తున్నాడు. వీడియో తీస్తున్నారు.

"ఏం జరగతాంది?" అని చూపులేని పెద్దాయన పక్కామెను అడిగాడు. ఆమె చెప్పింది.

"ఆ పిల్లోడు యాల? మేము సచ్చిపోయినామా?" అన్నాడాయన, అందరికీ వినపడేటట్టు.

జిరాక్స్ ఆమె తన కుర్చీ ముందుకు జరిపింది. "సార్, ఆ పిల్లోడు లేసి ఇంటికి పోతాడు. మీరొచ్చి కూసోండి."

ఆఫీసరు అటూ ఇటూ చూసి, మొహమాటంగా నవ్వి, వచ్చి కూర్చున్నాడు. ఆమె వాలంటీర్ల వైపు తిరిగింది. "సారును ఎత్తండప్పా. ఏమీ అడగొద్దు. ఇంగ పోండి."

వాళ్లు చంకల కింద చేతులు పెట్టి గుంజారు. ఆఫీసరు చొక్కా పైకి పోయింది, ఒక చెప్పు జారింది. "ఆగండి, చెయ్యి, చెయ్యి..." అన్నాడు. వాళ్లు ఆగలేదు. వరండా చివరిదాకా పోయాక ఆమె దింపమంది.

ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. ముఖం ఎర్రబడింది. ఎవరూ నవ్వలేదు. అరుస్తాడనుకున్నాను, ఇంకొక మెమో తయారుగా ఉందనుకున్నాను.

"నొచ్చిందా సార్?" అని అడిగింది ఆమె.

"నొచ్చింది."

"ఆగమని చెప్తిరి గదా."

"చెప్పాను." భుజం రుద్దుకుంటూ ఆయన ఆమె కుడిచెయ్యి వైపు చూశాడు. తర్వాత పోయి జారిన చెప్పు తొడుక్కొచ్చాడు. "ఈ ప్రణాళిక పక్కన పెడదాం. రేపు మీరందరూ వస్తే మళ్లీ మొదటి నుంచి రాద్దాం."

"రేపటికి యాల సార్? మబ్బు సూడండి. ఇప్పుడే కూసుందాం."

సదుం వైపు ఆకాశం నల్లగా దిగుతోంది. మేమంతా లేచి బెంచీలు గుండ్రంగా జరిపాం. ముందు ఎవరు మాట్లాడాలో ఆఫీసరు చెప్పబోయాడు. ఆమె అప్పటికే మొదలుపెట్టింది.